బెల్లం వెయ్యని పాశెం

నేను రచయితని. ఈ సంగతి మా ఊరు ఎర్రబండపల్లిలో నోరు తెరిచి చెప్పను. చెప్తే "సరేలేప్పా, పనేం చేస్తాండావు?" అని అడుగుతారు. పని అంటే ఉరవకొండ బస్టాండు పక్కన జిరాక్సు షాపు. ఆధార్ కార్డు రెండు వైపులా ఒకే కాగితం మీద వంకర లేకుండా తీసివ్వడంలో నాకు మండలంలో మంచి పేరుంది. కథల్లో ఇంకా రాలేదు.

నేను రాసేవి చిన్న కథలు. మరీ చిన్నవి. ఒక గిరాకీ వెళ్ళి ఇంకో గిరాకీ వచ్చేలోపు కథ ముగిసిపోవాలి, లేకపోతే పాత్రలు సగంలో నిలబడిపోతాయి. చెడిపోయిన జిరాక్సు కాగితాల వెనక రాస్తాను కాబట్టి నా సాహిత్యానికి అవతలి వైపు ఎప్పుడూ ఎవరిదో పట్టాదారు పాసుపుస్తకం ఉంటుంది. ఆధునిక జీవితం మీద వ్యంగ్యం అని నేనంటాను. నా భార్య మహేశ్వరి మాత్రం "ఒకరి కడుపు మంట మీద నువ్వు చలి కాచుకుంటాండావు" అంటుంది. ఆమెకు సాహిత్య పరిచయం తక్కువ అని అప్పట్లో సరిపెట్టుకున్నాను.

ఒక కథ చెప్తాను, మీకే తెలుస్తుంది. పేరు "వాతావరణం". ఫోనులో భారీ వర్షం అని వచ్చింది. రైతు బయటికొచ్చి చూస్తే ఎండ. మళ్ళీ ఫోను చూస్తే అందులో కురుస్తూనే ఉంది. ఇక లాభం లేదని ఫోను తీసుకుపోయి చేలో పెట్టి వచ్చాడు. అంతే కథ.

ఇంకొకటి "ఆరంగుళాల గుంత". ఉన్న పొలమంతా బోర్లు వేసి, ఒక్కదాంట్లోనూ నీళ్ళు పడక రైతు పోయాడు. వేరే గుంత తవ్వడమెందుకు, ఆఖరి బోర్లోనే దింపుదామన్నారు ఊరివాళ్ళు. ఆరంగుళాల గుంతలో మనిషెట్లా పడతాడని ఒకాయన సందేహించాడు. దింపి చూస్తే సరిగ్గా సరిపోయాడు. ఈ కథ రాసిన రోజు నాకు అన్నం సయించలేదు. బాధతో అనుకునేరు, గర్వంతో.

ఇట్లాంటివన్నీ పోగేసి, ఆ గుంత పేరే పెట్టి పుస్తకం వేశాను. అనంతపురంలో ఆవిష్కరణ సభ పెట్టాను. వచ్చినవాళ్ళందరూ రచయితలే. ప్రతి ఒక్కరూ నా పుస్తకం తీసుకుని వాళ్ళ పుస్తకం నా చేతిలో పెట్టారు. తీసుకుపోయినంత బరువూ మళ్ళీ ఇంటికి మోసుకొచ్చాను, అట్టల మీద పేర్లు మాత్రం మారాయి. మిగిలిన కట్టలు జిరాక్సు మిషను కింద ఎత్తు కోసం పెట్టాను. మిషను ఊగడం తగ్గింది. నా పుస్తకం సమాజానికి అంతవరకు పనికొచ్చింది.

ఈ యేడు ముంగారు వానకు, అదే తొలకరికి, మహేశ్వరి శెనక్కాయ వేసింది. చేను ఆమెదే అనాలి. దున్నించేదీ, విత్తేదీ, కలుపు తీసేదీ ఆమె. నేను ఆదివారం గట్టు మీద నిలబడి కరువు గురించి ఆలోచిస్తాను. మొదటి వానకు మొలక బాగా వచ్చింది. పూత కూడా వచ్చింది. తర్వాత మబ్బులు రావడం, మా ఊరిని చూడటం, కర్ణాటక వైపు పోవడం. శెనక్కాయకు పూత రాలినాక ఊడలు నేలలోకి దిగాలి. నేల గట్టిగా ఉంటే ఊడ దిగదు, దిగకపోతే కాయ లేదు. పదిరోజుల్లో ఒక్క మంచి వాన పడితే పంట, లేకపోతే గొర్రెలకు మేత. మహేశ్వరి పొద్దున లేస్తూనే ఆకాశం చూసి, తర్వాత నన్ను చూసేది. రెండింటి మీదా ఆమెకు పెద్దగా ఆశ ఉన్నట్టు కనిపించేది కాదు.

ఇట్లాంటప్పుడు మా ఊర్లో వరదపాశెం పెడతారు. ఇంటింటికీ తిరిగి బియ్యం, బెల్లం పోగేసి, ఊరి బయట ఎర్రబండ దగ్గర పాశెం వండుతారు. దాన్ని ఆకుల్లో కాదు, కడిగిన బండ మీదనే పోస్తారు. ఊరంతా చేతులు వెనక్కి కట్టుకుని, వంగి, పశువుల మాదిరి నాలుకతో నాకాలి. మమ్మల్ని ఇంత దిగజార్చినావు, ఇంకైనా చూడు అని పైవాడికి చెప్పడం. నేను పెళ్ళైనప్పటి నుంచీ ఆ రోజుకు నడుం నొప్పి తెచ్చుకుంటున్నాను. రచయిత వంగకూడదని నాకొక సిద్ధాంతం ఉండేది.

ఈసారి కూడా పాశెం పెడతారని తెలియగానే షాపులో కూచుని ఒక కథ రాశాను. ఊరంతా బండ మీద వంగి పాశెం నాకుతోంది. పైన దేవుడు కరువు మండలాల జాబితా రాస్తూ ఒకసారి కిందికి చూశాడు. "బెల్లం, పాలు, యాలకులు. వీళ్ళకు కరువెక్కడిది?" అని ఊరి పేరు కొట్టేశాడు. దీన్ని "మన ఎర్రబండపల్లి" వాట్సాప్ గ్రూపులో పెట్టి, ఫోను పక్కన పెట్టుకుని ఎదురుచూశాను.

నిజం చెప్తున్నాను, నేను ఎదురుచూసింది గొడవ కోసం. మనోభావాలు దెబ్బతిన్నాయని ఎవరైనా షాపు మీదికి వస్తే చాలనుకున్నాను. ఆ మాట అనంతపురం దాకా పోతే నా పుస్తకాలు మిషను కిందనుంచి బయటికి వస్తాయి. ముందుగా ఒకాయన గులాబీ పువ్వుతో శుభోదయం పెట్టాడు. ఇంకొకాయన గొర్రెపిల్లలు అమ్మకానికున్నాయని పెట్టాడు. నా కథ ఆ రెండింటి మధ్య నలిగిపోయింది.

మరుసటి రోజు పొద్దున శ్రీరంగప్ప మామ మా ఇంటికి వచ్చాడు. ఊర్లో పాశెం పెట్టించే పెద్దమనిషి ఆయనే. వెనకాల పాశెం వండే రామక్క. వచ్చింది గొడవ అనుకున్నాను. కుర్చీ వేశాను.

"నువ్వు రాసింది మా మనవరాలు చదివి చెప్పిందప్పా," అన్నాడు మామ.

"కోపం వచ్చిందా మామా?" ఆశగా అడిగాను.

"కోపమెందుకు? నిజమే గదా నువ్వు చెప్పింది. ఇన్నేండ్లు మాకెవరికీ తట్టలేదు చూడు."

"ఏం తట్టలేదు?"

"బెల్లం," అన్నాడు మామ. "తీపి వండి పెట్టుకోని, సామీ మాకు కరువుండాది అంటే ఆయప్ప మాత్రం ఎట్ల నమ్ముతాడు? ఈసారి బెల్లం వెయ్యం. పాలు గూడా వద్దు. వట్టి నీళ్ళలో బియ్యం ఉడకబెట్టి పోస్తాం. అప్పుడు చూడనీ."

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. రామక్క అసలే నవ్వలేదు, ఆమెకు వేరే బాధ ఉంది.

"యాలకులు అని ఎట్ల రాసినాడు పైనుండే ఆయప్ప?" అని నన్నే నిలదీసింది. "నేను పుట్టి బుద్ధెరిగి పాశెంలో యాలకులు వేసింది లేదు. అంత దుడ్లు మాకు యాడివి? పక్కూరోళ్ళు వేస్తారు. వాళ్ళ లెక్క తెచ్చి మన ఊరికి రాసుంటాడు. ఆ సంగతి గూడా నువ్వే ఆయప్పకు తెలియజెయ్యల్ల."

"అక్కా, అది వ్యంగ్యం," అన్నాను.

"ఏదో ఒకటిలే," అన్నాడు మామ. "శుక్రవారం పెడతాండాం. ఈ మాట నీకు తట్టింది కాబట్టి ముందు నువ్వే వంగల్ల."

నడుం నొప్పి అన్నాను. శుక్రవారానికి తగ్గుతుందిలే అన్నాడు. అది కథ, ఆ దేవుడు నా పాత్ర, ఆయన మాటలు నేను కల్పించినవి అని వరసగా చెప్పుకొచ్చాను. "మాకు తట్టని మాట నీకు తట్టిందంటే ఎవరు తట్టించినట్టప్పా?" అని మామ లేచి పోయాడు. ఇన్నేళ్ళలో నా కథను ఇంత శ్రద్ధగా చర్చించినవాళ్ళు వాళ్ళిద్దరే. సభలో అధ్యక్షుడు కూడా అట్ట మీది బొమ్మ దగ్గరే ఆగిపోయాడు.

వాళ్ళు పోయినాక మహేశ్వరి లోపలినుంచి వచ్చింది. అంతా విన్నది.

"వాన రాకపోతే?" అంది.

"ప్రతి యేడూ రావడం లేదుగా."

"ప్రతి యేడూ బెల్లం వేసినా రాలేదు. ఈ యేడు నువ్వు బెల్లం మాన్పిచ్చినావు, అందుకే రాలేదంటారు. చేను పోతే పోయినాది, మళ్ళీ విత్తుకుంటాం. ఇంటింటికీ తిరిగి బియ్యం పోగేసే రామక్క మొగం నేను ఎట్ల చూడల్ల?"

సాయంత్రం ఆమెతో పాటు చేనికి పోయాను. ఆదివారం కాకపోయినా పోయాను. శెనక్కాయ ఆకులు ఎండకు ముడుచుకుని, దండం పెట్టినట్టు రెండేసి కలిసిపోయి ఉన్నాయి. మహేశ్వరి ఒక చెట్టు పక్కన కూచుని, నేలను గోటితో గీకి చూపించింది. ఊడ నేలను తాకి, దిగలేక, కొన నల్లబడింది. నాకు భయం వేసింది. రాసేటప్పుడు ఎప్పుడూ వెయ్యని భయం. ఈ ఊడ గురించి నా పుస్తకంలో ఒక్క ముక్క లేదని కూడా అప్పుడే తెలిసింది.

శుక్రవారం బండ దగ్గరికి ఊరంతా వచ్చింది. బయట ఊర్లలో పని చేసేవాళ్ళు కూడా కొందరు సెలవు పెట్టి వచ్చారు. రామక్క పెద్ద డేగిసాలో బియ్యం ఉడికించి, కడిగిన బండ మీద పోసింది. ఎప్పుడూ పాశెం వాసనకు పిల్లలు ముందు పరిగెత్తేవాళ్ళు. ఈసారి ఏ వాసనా లేదు, పిల్లలు తల్లుల కొంగులు వదల్లేదు. శ్రీరంగప్ప మామ నన్ను ముందుకు నెట్టాడు.

చేతులు వెనక్కి కట్టుకున్నాను. వంగాను. సగం వంగేసరికి అబద్ధపు నడుం నొప్పి నిజంగానే వచ్చింది. ఇంకొంచెం వంగేసరికి కళ్ళజోడు జారి గంజిలో పడింది. చేతులు ముందుకు తేకూడదు కాబట్టి దాన్ని అట్లాగే వదిలేసి దాని చుట్టూ నాకాను. కాలిన బండ వాసన, ఇసుక, చప్పటి అన్నం. పక్కనుంచి రామక్క కోడలు ఫోనులో వీడియో తీస్తోంది. దీని మీద మంచి కథ రాయొచ్చని ఒక్క క్షణం అనుకున్నాను. ఇంతలో నా పక్కన మహేశ్వరి వంగింది. చేతులు వెనక కట్టుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని నాకుతోంది. కథ ఎగిరిపోయింది. నాలుక బండ మీద పెట్టుకుని వ్యంగ్యం చెయ్యడం కుదరదు, ప్రయత్నించాను. రా, అన్నాను మనసులో. ఎవరితో అన్నానో నాకు తెలియదు. వచ్చి పో, ఒక్కసారి.

శనివారం ఏమీ లేదు. నేను షాపుకు సందు దారిలో పోయి, సందు దారిలో వచ్చాను. ఆదివారం మధ్యాహ్నం తూర్పున మబ్బు పట్టింది. అది కూడా కర్ణాటకకే అనుకున్నాను. అది మా ఊరి మీద ఆగింది. చినుకులు కాదు, ధారలు. సాయంత్రం దాకా కొట్టి, కాసేపు ఆగి, మళ్ళీ కొట్టింది. మహేశ్వరి చేను గట్టు మీద పిక్కల దాకా బురదలో నిలబడి, చీర తడిసి, నవ్వుతోంది. మా పెళ్ళి వీడియోలో కూడా ఆమె అంతగా నవ్వలేదు. నేను ఏడ్చాను. వానలో తెలియదులే అని ధైర్యంగానే ఏడ్చాను.

బంగాళాఖాతంలో అల్పపీడనం, అందుకే పడిందని ఊర్లో అందరికీ చెప్పాను.

"అల్పపీడనానికి ఎవరు చెప్పినారప్పా?" అన్నాడు శ్రీరంగప్ప మామ.

ఆ తర్వాత నా సాహిత్య జీవితంలో నేను కలలుగన్నదంతా జరిగింది. పుస్తకాలు అమ్ముడుపోయాయి. కొన్నవాళ్ళు దానికి పసుపు రాసి, దేవుడి పటాల పక్కన పెట్టుకున్నారు. ఒకాయన పాలిథిన్ కవర్లో చుట్టి పొలంలో కర్రకు వేలాడదీశాడు. "ఆరంగుళాల గుంత" బోరు మోటారు పెట్టెలో పెడితే మంచిదని ఎవరో కనిపెట్టారు. బండి మీద పోయేవాళ్ళు షాపు ముందు ఆగి, మిషను వైపు ఒక దండం పెట్టి పోయేవాళ్ళు. ఒక్కరు పేజీ తిప్పి ఉంటే ఒట్టు. రామక్క కోడలి వీడియో జిల్లా అంతా తిరిగింది, దాని కింద నా పేరుకు వాన తగిలించి "వాన శశి" అని రాశారు. మిషను మళ్ళీ ఊగడం మొదలుపెట్టింది, కింద పెట్టడానికి పుస్తకాలు లేవు. సిగ్గు లేకుండా చెప్పాలంటే, రెండో ముద్రణకు ప్రెస్సువాళ్ళతో మాట్లాడాను కూడా.

అప్పుడు నల్లమ్మ వచ్చింది. ఆమెది గుమ్మఘట్ట అవతల, కర్ణాటక సరిహద్దు పక్కన ఏదో పల్లె. రాయదుర్గంలో బస్సు మారి వచ్చింది. గిరాకీలన్నీ అయిపోయేదాకా బల్ల మీద కూచుని, షాపు ఖాళీ అయినాక లేచింది.

"వాన కథ రాసేది నువ్వేనా అప్పా?"

నేనే అన్నాను. పుస్తకాలు అయిపోయినాయి అన్నాను.

"పుస్తకం వద్దు. మా ఊరికి ఒకటి రాసియ్యి. శెనక్కాయ మాదీ ఊడలకు వచ్చింది. దుడ్లు ఎంతైతుందో చెప్పు, ఇస్తా."

ఈ ఒక్క మనిషి దగ్గరైనా నిజం చెప్పాలనుకున్నాను. "అమ్మా, అది నేను ఎగతాళికి రాసింది. ఊరోళ్ళను చూసి నవ్వుకోవడానికి రాసింది. వాన దాని వల్ల రాలేదు."

నల్లమ్మకు నా మీద కోపం రాలేదు, అనుమానం కూడా రాలేదు.

"ఎగతాళికి రాస్తేనే అంత వాన పడింది గదా," అంది. "మాకు నిజంగా రాయి."

కాగితం తీశాను. వెనక వైపు ఎవరిదో పాసుపుస్తకం ఉంది, దాన్ని పక్కన పెట్టి, తెల్ల కాగితం తీశాను. పెన్ను పట్టుకుని కూచున్నాను. దేవుడు అని మొదలుపెట్టగానే ఆయన కరువు జాబితా తీశాడు, కొట్టేశాను. మబ్బు అని మొదలుపెడితే అది ఆధార్ కార్డు అడిగింది, కొట్టేశాను. ఇన్నేళ్ళలో వెక్కిరించకుండా ఒక్క వాక్యం రాయలేదని ఆ బల్ల ముందు కూచుంటే తెలిసింది. నల్లమ్మ తొందర పెట్టలేదు. నా చేతినే చూస్తూ కూచుంది. చివరికి ఇంకో తెల్ల కాగితం తీసి, "నల్లమ్మ ఊర్లో వాన పడింది. చేను తడిసింది. ఊడలు దిగినాయి," అని రాశాను.

చదివి వినిపించమంది. వినిపించాను.

"అంతేనా?"

"అంతే అమ్మా."

"సరిపోతుంది," అంది. కాగితం నాలుగు మడతలు పెట్టి, నడుముకున్న సంచిలో పెట్టుకుంది. నేను డబ్బు తీసుకోలేదు. ఆమె కూతురి ఫోను నంబరు మాత్రం అడిగి రాసుకున్నాను. నా కథ ఒకటి ఇంకొకరు అట్లా దాచుకోవడం నేను మొదటిసారి చూశాను. అయినా నాకు సంతోషం కలగలేదు.

ఆ పొద్దు నుంచి నేను ఇంకే కథా రాయలేదు. రెండో ముద్రణ ఆపేయమని ప్రెస్సుకు చెప్పాను. కథ ఏదైనా తడితే ముందు ఆ కాగితం మడత పెట్టిన నల్లమ్మ చెయ్యి గుర్తొస్తుంది. మహేశ్వరి చేలో కాయ ఊరింది. ఆమె ఒక చెట్టు పీకి, గలగలా ఊపి చూపించింది. బాగుంది అన్నాను, చూపు మాత్రం ఫోనులో ఉంది. గుమ్మఘట్ట వాతావరణం చూడటం నాకు అలవాటైపోయింది. ఎండ, ఎండ, పాక్షికంగా మేఘావృతం, ఎండ.

నిన్న మధ్యాహ్నం షాపులో కూచుని చూస్తే బొమ్మ మారింది. నల్ల మబ్బు, కింద చినుకులు. గుమ్మఘట్ట, ప్రస్తుతం భారీ వర్షం. వెంటనే నంబరు కలిపాను. నల్లమ్మే ఎత్తింది.

"అమ్మా, వాన పడతాందా?"

"లేదప్పా, ఈడ ఎండ కాస్తాండాది," అంది. తర్వాత గొంతు మార్చి, "ఎందుకడుగుతాండావు? నీకేమన్నా తెలిసిందా?" అని అడిగింది.

"వస్తుందమ్మా," అన్నాను. అది తప్ప ఇంకేం మాట రాలేదు.

ఫోను పెట్టేసి చూశాను. అందులో ఇంకా కురుస్తూనే ఉంది. షాపు బయటికొచ్చాను. ఉరవకొండ బస్టాండు మీద ఎండ తెల్లగా మండుతోంది. గుమ్మఘట్ట ఏ వైపో ఒకసారి లెక్క చూసుకుని, ఆ వైపుకు తిరిగి, ఫోను చేతిలో పైకెత్తి పట్టుకుని నిలబడ్డాను. జిరాక్సుకొచ్చిన ఒకాయన నన్ను చూసి ఆగాడు.

"ఏమన్నా, సిగ్నల్ రాలేదా?"

"ఇంకా రాలేదప్పా," అన్నాను, చెయ్యి దించకుండా.